మావి గుట్ట

నున్నటి రాయి మీద గుడ్డ మడత పెట్టి, దల్లే, గుంసోన్ ఎదురెదురుగా కూర్చుని చెరో రెండు కర్రలతో కొడుతున్నారు. ఒకరి దెబ్బ లేవకముందే ఇంకొకరి దెబ్బ పడాలి. మధ్యలో సందు వస్తే గుడ్డ మీద చార పడుతుంది. గంజి పెట్టి సగం ఆరిన నారగుడ్డ అది. మధ్యాహ్నం దాకా అలా కొడితే గాని దానికి నునుపు రాదు. రాజుగారి భార్య దల్లే చెయ్యవలసిన పని కాదు. కాని పడమటి మందిరంలో ఇద్దరే మనుషులు మిగిలారు. గుడ్డలు మాత్రం ఇద్దరివీ మాస్తూనే ఉంటాయి.

గోడకి అవతల తూర్పు మందిరం. ఏడు రోజులుగా అక్కడ తాడు మీద చంటిగుడ్డలు ఆరేస్తున్నారు. గాలి వచ్చినప్పుడు వాటి అంచులు గోడ మీద నుంచి కనపడతాయి. దల్లే అటు చూసేది కాదు. చూడకపోయినా ఎన్ని గుడ్డలున్నాయో తెలిసిపోయేది.

వాకిట్లో హ్యోవోల్ కనపడగానే గుంసోన్ చెయ్యి ఆగింది. దల్లే ఆపలేదు. ఇంకో నాలుగు దెబ్బలు ఒక్కతే వేసి, మడత తిప్పి, అప్పుడు తలెత్తింది.

హ్యోవోల్ అంతఃపురానికంతటికీ పెద్దదాసి. ఇరవైముగ్గురు దాసీలు ఆమె కనుసన్నల్లో మెలుగుతారు. ఈ వాకిలి తొక్కి రెండేళ్ళయింది. ఇవాళ చేతిలో మూతపెట్టిన పళ్ళెం ఉంది. అందులో నూనెలో వేయించి తేనెలో ముంచిన పిండివంట.

"తేనె వచ్చిందంటే వెనకాలే ఈగ కూడా ఉంటుంది," అని గుంసోన్ కర్రలు సర్దుతూ గొణిగింది.

హ్యోవోల్ వినపడనట్టే కూర్చుంది. మోకాళ్ళు పట్టుకుపోయాయని, ఈ ఏడు చలి తొందరగా పోలేదని చెప్పింది. తూర్పు మందిరంలో చిన్నరాణికి పాలు బాగా పడ్డాయని చెప్పింది. అప్పుడు అసలు సంగతికి వచ్చింది. పుట్టిన రాకుమారుడి మావిని నూరు నీళ్ళతో కడిగి, ఒకసారి సారాతో కడిగి, తెల్ల జాడీలో పెట్టి ఉంచారు. దాన్ని పాతిపెట్టడానికి గుట్ట కావాలి. జ్యోతిష్కుల కొలువు వాళ్ళు మూడు గుట్టలు చూశారు. రెండు బాగానే ఉన్నాయి. ఒకటి మాత్రం చాలా బాగుంది.

దల్లే గుడ్డ అంచు చూసుకుంటోంది. "ఏ గుట్ట?" అంది.

హ్యోవోల్ పళ్ళెం మీద మూత కొంచెం జరిపింది. తేనె వాసన వచ్చింది.

చెప్పక్కరలేదు. ఒక గుట్టకి ఒకే బిడ్డ మావి. దల్లే కొడుకు సోల్‌ది పద్దెనిమిదేళ్ళ కిందట దక్షిణాన ఒక గుట్ట మీద పెట్టారు. బాలింతరాలు అక్కడికి వెళ్ళకూడదు గనక ఆమె ఆ గుట్టని చూడలేదు. నాలుగో ఏట జ్వరం వచ్చి పిల్లవాడు పోయాడు. అంత చిన్నవాళ్ళకి సమాధులు కట్టరు. కాల్చి బూడిద ఏట్లో కలిపారు. వాడికని ఈ భూమ్మీద మిగిలిన చోటు ఆ గుట్ట ఒక్కటే.

"బాబు ఆ గుట్ట భాగ్యం తినకుండానే పోయాడు కదమ్మా," అంది హ్యోవోల్. "వడ్డించిన అన్నం గిన్నెలోనే ఉంది. ఊరికే చల్లారబెట్టుకోవడం ఎందుకని పెద్దల ఉద్దేశం."

గుంసోన్ చేతిలో కర్ర రాయికి తగిలి టక్కుమంది.

ఒక చిక్కు ఉందని హ్యోవోల్ చెప్పింది. పాతిన మావిని ఇంకొకరు కదల్చకూడదు. కన్నతల్లి గుట్టెక్కి మొదటి పిడికెడు మట్టి తియ్యాలి. జాడీ పైకి వచ్చాక దాని మూత మీద చెయ్యి వేసి, నాది నేను తీసుకుంటున్నాను, చోటు ఇంకొకరికి విడుస్తున్నాను అని కొండదేవతతో చెప్పాలి. ఆ మాట తల్లి నోటి నుంచి రాకపోతే రాజుగారి ఆజ్ఞ కూడా చెల్లదు. జాడీ తెచ్చుకుని ఈ మందిరంలోనే ఎక్కడైనా పెట్టుకోవచ్చట. ఎవరూ కాదనరట.

దల్లే కర్రలు పక్కన పెట్టింది. గుడ్డని ఇంకో మడత వేసింది. అరచేత్తో రాసింది. నునుపు ఇంకా రాలేదు.

"ఎప్పుడు వెళ్ళాలి?" అంది.

హ్యోవోల్ అంత తొందరగా అవుతుందనుకోలేదు. ఎల్లుండి అని చెప్పి, మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. పళ్ళెం అక్కడే వదిలేసింది.

గుంసోన్ దల్లేతోపాటు సముద్రపొడ్డు నుంచి వచ్చిన మనిషి. ఉప్పుపేటల పెద్ద తన పడవలన్నీ రాజుగారి వైపు తిప్పినందుకు ఆయన కూతురు రాణి అయింది, ఆయన పనిమనిషి రాణిగారి దాసి అయింది. నలుగురిలో అమ్మగారు అంటుంది. ఒంటరిగా ఉంటే అమ్మాయీ అనే అంటుంది. ఆ రోజు సాయంత్రం బట్టల పెట్టె సర్దుతున్నంతసేపూ ఆమె నోరు ఆగలేదు. నలుగురు భార్యల్లో ఈ ఒక్కతే మెత్తగా దొరికిందా అంది. నీళ్ళున్న చోటే గొయ్యి తవ్వుతారంది. చివరికి పెట్టె మూత దభీమని వేసి దల్లే ఎదురుగా కూర్చుంది.

"ఒద్దను. అంతేగా. నోరుందిగా నీకు."

"ఒద్దంటే రేపు మళ్ళీ వస్తుంది. ఎల్లుండి వస్తుంది," అంది దల్లే. "నాకు ఓపిక లేదక్కా."

"వాడిది అదొక్కటే మిగిలింది."

"వాడిది మిగిల్చుకునే మొహమా నాది?"

గుంసోన్ తల దించుకుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె తలే ముందు దిగుతుంది. సోల్ పుట్టిన పదో రోజున బాలింతకి నోరు చప్పబడిందని, ఊరి నుంచి వచ్చిన ఉప్పులో ఊరిన పీతని ముక్క తుంచి తినిపించింది ఆమే. పీత చలవ చేస్తుంది. తల్లి పాలల్లోంచి ఆ చలవ బిడ్డ ఎముకల్లోకి దిగిందని, నాలుగేళ్ళకి అదే మింగేసిందని వైద్యుడు అన్నాడు. ఉప్పుపేట ఆడది బిడ్డని తినేసిందని అంతఃపురం అంది. రాజుగారు ఏమీ అనలేదు. రావడం మానేశారు. పద్నాలుగేళ్ళు అయింది. దల్లే ఆ మాటని ఎవరితోనూ వాదించలేదు. కొన్నాళ్ళకి తనే నమ్మింది.

*

పల్లకీలో ఒకటిన్నర రోజు ప్రయాణం. ముందు గాడిద మీద జ్యోతిష్కుడు నమ్‌గ్యోన్. ముప్పై ఐదేళ్ళ మనిషి, పొడుగ్గా, వంగి ఉంటాడు. వెనక ఇంకో పల్లకీలో హ్యోవోల్. గుంసోన్ నడిచింది.

రాజధాని గేగ్యోంగ్ దక్షిణ ద్వారం దాటాక దల్లే తెర సందులోంచి బయటికి చూసింది. బార్లీ చేలు జానెడు ఎత్తున పచ్చగా ఉన్నాయి. ఒక ఆడమనిషి చేలో కూర్చుని కలుపు తీస్తూ పల్లకీని చూసి మొహం నేలకి ఆనించింది. పల్లకీ దాటాక తలెత్తి మళ్ళీ కలుపు తీసుకుంది. దల్లే వెనక్కి తిరిగి ఆ చేతుల్నే చూసింది. తర్వాత తెర వదిలేసింది. చూడాలని ఇన్నేళ్ళు అనుకున్నది ఇదేనా అనిపించింది. నిద్ర వచ్చింది.

రెండో రోజు పొద్దెక్కాక గుట్ట చేరారు. చిన్నదే. బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉంది. వాలంతా గులాబీరంగు కొండపూలు. కింద తాలూకా మనుషులు గుడారం వేసి ఉంచారు. పైకి తల్లి, జ్యోతిష్కుడు, గుట్ట కాపరి తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. హ్యోవోల్‌కి ఆ నియమం బాగానే కలిసి వచ్చింది. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని గుడారంలో కూర్చుంది. గుంసోన్ దూరంగా ఒక రాయి మీద కూర్చుని ఎటో చూస్తూ ఉండిపోయింది.

కాపరి పేరు ముక్తోల్. అరవై దాటిన మనిషి. కుడికాలు ఈడుస్తున్నాడు. భుజాన పార, చేతిలో కర్ర. ఆ కర్ర దల్లేకి ఇచ్చి తను పారమీద ఆనుకుంటూ ముందు నడిచాడు. వాలు పొడుగునా మెట్లు చెక్కి ఉన్నాయి. ఒక్కో మెట్టుకీ అంచున చదును రాయి. మట్టి జారకుండా రాళ్ళ పక్కన గడ్డి నాటి ఉంది. ఒకరోజులో చేసిన పని కాదు. ఎవరో చూస్తారని చేసినదీ కాదు.

"ఇవి ఎవరు చెక్కారు?" అని దల్లే అడిగింది.

"నేనే తల్లీ. బాబుగారి దగ్గరికి రోజూ పైకెక్కాలి గదా."

బాబుగారు అన్న మాట విని ఆమె ఒక మెట్టు మీద ఆగింది. ఆ మాట ఎవరి నోటా విని చాలా ఏళ్ళయింది. ముక్తోల్ ఆయాసం అనుకున్నాడు. తనూ ఆగాడు.

పైన చదునుగా ఉంది. మధ్యలో ఒక రాతి పలక. దాని చుట్టూ గడ్డి పరకంత కలుపు లేదు. పలక మీద గడ్డితో అల్లిన చిన్న కప్పు ఉంది. నాలుగు కర్రల మీద నిలబెట్టినది. నమ్‌గ్యోన్ దాన్ని చూసి మొహం చిట్లించాడు. ఈ నియమం ఎక్కడిదన్నాడు. ముక్తోల్ నీళ్ళు నమిలాడు. వానల్లో బాబుగారు తడుస్తారేమోనని వేశానన్నాడు. రాతి కింద ఉన్నవాడు ఎలా తడుస్తాడని నమ్‌గ్యోన్ అంటే, ముక్తోల్ కప్పు తీసి పక్కన పెట్టి, పలక జరిపాడు.

మొదటి పిడికెడు మట్టి దల్లే తియ్యాలి. వంగి తీసింది. పైమట్టి పొడిగా, గోధుమరంగులో ఉంది. ఇంకొంచెం లోపలికి వేళ్ళు పోనిచ్చి పిడికిలి బిగించింది. విప్పింది. మట్టి విడిపోలేదు. వేళ్ళ గుర్తులతో ముద్దగా అలాగే నిలిచింది.

ఆమె దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఉప్పు మడుల ఇసుకని తండ్రి రోజూ పొద్దున్నే అలాగే పిడికిట్లో పట్టి చూసేవాడు. ఎంత నీరుందో చెయ్యి చెబుతుంది, కన్ను చెప్పదు అనేవాడు. వాన పడి పన్నెండు రోజులైంది. గుట్ట నెత్తిన, ఇంత ఎండలో, మట్టి ముద్ద కట్టకూడదు.

ముక్తోల్ తవ్వాడు. మోచేతి లోతు దాటేసరికి పార శబ్దం మారింది. పొడి చప్పుడు పోయి చప్పరించినట్టు వస్తోంది. నమ్‌గ్యోన్ దిక్సూచి పళ్ళెం చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డవాడు ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. రాతి తొట్టి మూత కనపడింది. ముక్తోల్ దాన్ని పక్కకి తోసి, బోర్లా పడుకుని, రెండు చేతులూ లోపల పెట్టి పెద్ద జాడీని పైకి ఎత్తాడు.

జాడీ కదలగానే లోపల నీళ్ళు చప్పుడయ్యాయి.

ముగ్గురూ విన్నారు. ముక్తోల్ జాడీని గడ్డి మీద పెట్టి చేతులు తీసేశాడు. దాని ఒంటి మీద నుంచి నీరు కారుతోంది. తాళ్ళు కుళ్ళి నల్లగా ఉన్నాయి. రాతి తొట్టి అడుగున బెత్తెడు నీళ్ళున్నాయి, తేటగా.

మంచు కరిగిన నీళ్ళేమో అన్నాడు నమ్‌గ్యోన్.

దల్లే కింద కూర్చుంది. తాడు పట్టుకుంటే వేళ్ళలోనే తెగిపోయింది. మూత తీసింది. పెద్ద జాడీలో సగం దాకా నీళ్ళు. అందులో మునిగి చిన్న జాడీ, దాని చుట్టూ ఒకప్పుడు దూది అయి ఉండాల్సిన ముద్ద.

"ఇది ఎప్పటినుంచి?" అని ముక్తోల్‌ని అడిగింది.

ముక్తోల్ నమ్‌గ్యోన్ వైపు చూశాడు.

"ఆయన్ని చూడకు. నన్ను చూసి చెప్పు."

"మొదటి ఏడు వానాకాలం నుంచీ తల్లీ," అన్నాడు. పార మొనకి అంటిన మట్టి బొటనవేలితో తీస్తూ చెప్పాడు. గుట్ట కడుపులో ఊట ఉంది. వానాకాలంలో పైకెక్కుతుంది. ఆ ఏడే తాలూకాకి పోయి చెప్పాడు. రాజుగారి గుట్టని ఆడిపోసుకుంటావా అని ఇరవై దెబ్బలు వేశారు. రెండో ఏడు మళ్ళీ పోయాడు. బాబుగారికి జబ్బు చేస్తుందేమోనని భయం వేసింది. ఆసారి ముప్పై వేశారు. కాలు అప్పుడు పోయింది. "మూడోసారి పోలేదు. మా ఆడది కాళ్ళు పట్టుకుంది. పోవాల్సింది."

దల్లే చాలాసేపు తొట్టిలో నీళ్ళు చూసింది. మావి తడిస్తే బిడ్డకి జ్వరం పడుతుంది. ఇది పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకే సున్నం, బొగ్గు, నూనెకాయితం, దూది. అందుకే ఎత్తైన చోటు, పొడి చోటు. పీత ముక్క ఒకటి, వేలెడంత, పళ్ళ మధ్య నలగడం కూడా సరిగా నలగలేదు. పద్నాలుగేళ్ళు.

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు.

నమ్‌గ్యోన్ ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దిక్సూచి గడ్డిలో పెట్టేశాడు. ఈ గుట్ట ఎంచినది ఇప్పటి కొలువు పెద్దగారని, ఆయన తనకి పిల్లనిచ్చిన మామ అని చెప్పాడు. డెబ్బై నాలుగేళ్ళు ఆయనకి. నడవలేరు. ఇప్పుడు కూడా గుట్ట మళ్ళీ చూడలేదు. మొదట తను ఎంచినదే మేలైనదని కూర్చున్న చోటి నుంచే చెప్పారు. ఈ సంగతి బయటికి వస్తే రాకుమారుడి చావు ఆయన మెడకి చుట్టుకుంటుంది. ఇంటిల్లిపాదినీ దీవికి వెళ్ళగొడతారు. నీళ్ళు తోడేసి, ఈసారి సున్నం రెండింతలు దట్టిస్తామన్నాడు. రాకుమారుడికి ఏమీ కాదన్నాడు.

"నీకు పిల్లలున్నారా?" అంది దల్లే.

"ఇద్దరు."

"సున్నం దట్టిస్తే ఊట ఆగుతుందా?"

అతను తొట్టిలో నీళ్ళకేసి చూశాడు.

కింద నుంచి హ్యోవోల్ దగ్గు వినపడింది. ఇంత ఆలస్యం ఎందుకని. దల్లే ఆ వైపు చూసింది. కిందకి వెళ్ళి, గుట్టలో నీళ్ళున్నాయి అంటే ఏమవుతుందో ఆమెకి కళ్ళకి కట్టినట్టుంది. వదిలేసిన భార్య సొరబుర్రలో నీళ్ళు పట్టుకెళ్ళి జాడీలో పోసిందంటారు. కొత్త రాకుమారుడికి చేతబడి చేసిందంటారు. కాపరిని తెచ్చి నిజం చెప్పమంటారు. ఆ ముసలాడు నిజమే చెబుతాడు. రెండో కాలు పోతుంది. ఏమీ అనకుండా చెప్పాల్సిన మాట చెప్పేస్తే, అందరూ హాయిగా కిందకి దిగుతారు. వానాకాలం మూడు నెలల్లో వస్తుంది. తాడు మీద ఆరే ఆ గుడ్డలు కూడా నాలుగేళ్ళకి మించి ఆరవు.

చెప్పేయడానికే వచ్చింది. ఓపిక లేకే వచ్చింది. ఇప్పుడు కూడా చెప్పేయడమే సులువు.

"నేను చెప్పను," అంది.

నమ్‌గ్యోన్ నుదురు నేలకి ఆనించాడు. తమ ఇంటిల్లిపాదీ ఆమె మేలు మరచిపోరన్నాడు.

"నీళ్ళ సంగతి కాదు. కొండదేవతకి చెప్పాల్సిన మాట చెప్పను. నా బిడ్డది నేను తీసుకోను. ఈ చోటు ఎవరికీ ఇవ్వను. కిందకి పోయి ఆ మాటే చెప్పు."

అతనికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక మొహంలో రంగు మారింది. "మిమ్మల్ని ఏమంటారో ఆలోచించారా అమ్మగారూ?"

"అసూయ అంటారు. అననీ. అసూయపడ్డ ఆడదాని కాళ్ళు ఎవరూ విరగ్గొట్టరు." కొంచెం ఆగి, "మూడు గుట్టలు చూశారటగా. పొడిది ఏది?" అంది.

"ఉత్తరాన రాతిగుట్ట. అది నేను తవ్వి చూశాను. బూడిదలా ఉంది మట్టి."

"దాన్నే పొగుడు. నీ మామగారి చేత కూడా పొగిడించు."

తర్వాత ఆమె జాడీని ఒరగబెట్టి నీళ్ళు పారబోసింది. చిన్న జాడీని బయటికి తీసి, దాని మూత విప్పకుండా, పావడా లోపలి అంచుతో తుడిచింది. మెడ దగ్గర, అడుగున, చెవుల సందుల్లో. పెద్ద జాడీ లోపల చెయ్యి పెట్టి చుట్టూ తిప్పి తుడిచి, చిన్నదాన్ని మళ్ళీ అందులో పెట్టింది. అవతలి అంచున బండ కింద పొడి నేల ఉందని ముక్తోల్ మెల్లిగా అన్నాడు. అక్కడ తొండలు గుడ్లు పెడతాయట. తడి ఉంటే అవి పెట్టవు. జాగా మార్చడం నియమం కాదని నమ్‌గ్యోన్ అంటాడేమోనని ఇద్దరూ అతనికేసి చూశారు. అతను దిక్సూచి చేతిలోకి తీసుకుని, అటు తిరిగి, దూరంగా కొండల్ని చూస్తూ నిలబడ్డాడు.

ముక్తోల్ బండ కింద తవ్వుతుంటే దల్లే జాడీని ఎత్తుకుని ఆ పక్కకి నడిచింది. రెండు చేతులా ఎత్తుకున్నది నాలుగడుగులు వేసేసరికి దానంతటదే చంకలోకి జారింది. అలాగే గొయ్యి దాకా మోసింది. మట్టి పొడిగా ఉంది. పిడికిట్లోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. రెండుసార్లు తీసుకుని చూసింది.

పాత గొయ్యి పూడ్చి, పలక ఎప్పటిలా జరిపి, గడ్డికప్పు దాని మీదే పెట్టారు.

*

గుడారంలో నమ్‌గ్యోన్ చెప్పింది హ్యోవోల్ విన్నది. మొదట నమ్మలేదు. తర్వాత దుప్పటి తీసి లేచి నిలబడింది.

"పోయిన బిడ్డ కోసం ఉన్న బిడ్డ నోట్లో మట్టి కొడతారా అమ్మా?" అంది. తాలూకా మనుషులందరికీ వినపడేలాగే అంది.

దల్లే పల్లకీ ఎక్కి తెర దించుకుంది.

దారిలో గుంసోన్ పల్లకీ పక్కనే నడిచింది. ఆమె నడకే మారిపోయింది. వచ్చేటప్పుడు కాళ్ళు ఈడ్చిన మనిషి ఇప్పుడు బోయీల కన్నా ముందు ఉంటోంది. తెర దగ్గర మొహం పెట్టి, ఇన్నేళ్ళకి నోరు తెరిచావు అమ్మాయీ అంది. పై నుంచి మీ నాన్న చూస్తే మీసం మెలేసేవాడంది. ఆ ముసలి దాని మొహం చూశావా, ఉడికిన ఆల్చిప్పలా నోరు తెరుచుకుందని నవ్వింది. దల్లే లోపల కూర్చుని, పావడా తడి అంచుని వేళ్ళతో పిండుతూ, ఊఁ కొట్టింది. చెప్పాలనిపించింది. పీత కాదక్కా అని ఒక్క మాట. కాని గుంసోన్ నోట్లో మాట నిలవదు. సంతోషం వస్తే అసలు నిలవదు. పీత కాదని ఒకరికి చెబితే నీళ్ళని పదిమందికి చెప్పినట్టే.

రాజధాని చేరిన రెండో రోజుకి అంతా తెలిసింది. రాజుగారికి విన్నవిస్తే, ఆవిడ ఇంకా ఆ మందిరంలోనే ఉందా అని అడిగారట. ఆ మాటతో తక్కిన పని హ్యోవోల్ చేసింది. నెలాఖరుకి పడమటి మందిరం ఖాళీ చెయ్యాలి. తూర్పు ద్వారం బయట సన్యాసినుల మఠంలో ఒక గది ఇస్తారు. గుండు చేయించుకోవాలి. గుంసోన్ కూడా చేయించుకుంటే వెంట వెళ్ళొచ్చు. గుంసోన్ ఆ కబురు తెచ్చినవాడితో, నాకు జుట్టు దువ్వుకునే బాధ తప్పిందని చెప్పి పంపించింది. వాడు వెళ్ళాక పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు జడ విప్పుకుని చూసుకుంది.

ఆ మధ్యాహ్నమే చిన్నరాణి వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ప్రసవమై పదిహేను రోజులు కాలేదు, గడప దాటకూడదు. దాసీలు ఆపుతుంటే విదిలించుకుని వచ్చినట్టుంది. రవిక మీద పాలతడి. కాళ్ళకి మేజోళ్ళే ఉన్నాయి, చెప్పుల్లేవు. వెనకాలే ఆయాసపడుతూ హ్యోవోల్.

దల్లే గుడ్డలు మడత పెడుతోంది. లేచి నిలబడింది.

"నా బిడ్డ మీకేం చేశాడక్కా?" అంది చిన్నరాణి.

"ఏం చెయ్యలేదు."

"మరి?"

దల్లే ఆ పిల్ల భుజం మీదుగా హ్యోవోల్‌ని చూసింది. హ్యోవోల్ ఒక్క అక్షరం కూడా పోనివ్వకుండా వింటోంది. దల్లే చేతిలోని మడత మళ్ళీ మడిచింది.

"నాది నాకే ఉండాలనిపించింది," అంది.

చిన్నరాణి ఒక అడుగు ముందుకి వేసింది. "మీ బిడ్డని మీరే తిన్నారని అందరూ అంటుంటే నేను ఛీ అనేదాన్ని. నా దాసీల్ని కొట్టాను కూడా. ఇవాళ నమ్ముతున్నాను."

ఆ మాట పద్నాలుగేళ్ళుగా వింటూనే ఉంది. ఎప్పుడూ ఇంత నొప్పి పెట్టలేదు. నిజమనుకున్నంత కాలం అది మోయదగ్గ బరువుగానే ఉంది. ఇప్పుడు అబద్ధమని తెలిసి కూడా తలొగ్గి నిలబడాలి. నిజం నాలుక చివరి దాకా వచ్చింది.

"రాతి నేల మీద అలా నిలబడకమ్మా," అంది చివరికి. "చలి పైకెక్కుతుంది. హ్యోవోల్‌గారూ, చెప్పులు తెప్పించండి."

చిన్నరాణి నేల మీద ఉమ్మి వెనక్కి తిరిగింది. ఆమె నడక చూస్తే ఇంకా పచ్చిగా ఉన్నట్టుంది. ఒక అడుగు వేసి, పొత్తికడుపు పట్టుకుని, ఇంకో అడుగు వేసింది.

ఆ వారం సముద్రపొడ్డు నుంచి ఏటా వచ్చే కట్ట వచ్చింది. ఎండబెట్టిన సముద్రపు నాచు ఆకు. పొడుగ్గా, నల్లగా, మధ్యలో తెగకుండా ఉన్న మొదటి కోత. బాలింతకి దానితో చేసిన చారు కన్నా మేలైనది లేదు. రక్తం కడుగుతుంది, పాలు పట్టిస్తుంది. దల్లే దాన్ని విప్పలేదు. తూర్పు మందిరానికి పంపమంది. గుంసోన్ ఆమెకేసి తేరిపార చూసి, నీకు మతి పోయిందంది. పోతే పోయింది, పట్టుకెళ్ళమంది దల్లే.

పట్టుకెళ్ళింది. కట్ట తిరిగి వచ్చింది. ముడి కూడా విప్పకుండా గుమ్మం బయట పడేసి పోయారు.

మర్నాడు పొద్దున దల్లే దాన్ని తనే విప్పి నీళ్ళలో నానబెట్టింది. నానిన ఆకు కుండ నిండా పొంగింది. నూనెలో ఒక తిప్పు తిప్పి, నీళ్ళు పోసి, ఆల్చిప్పల మాంసం వేసి మరగనిచ్చింది. ఇద్దరూ బార్లీ అన్నంతో పొయ్యి దగ్గరే కూర్చున్నారు. పురిటాళ్ళు తినే కూడు మనకెందుకే, వయసు మళ్ళినవాళ్ళం, అని గుంసోన్ నవ్వబోయి ఆగింది. దల్లే చెంచా నోట్లో పెట్టుకోబోతుంటే బయట డోలు మోగింది. కొమ్ము ఊదారు. తూర్పు మందిరం వాకిట్లోంచి గుర్రాల చప్పుడు బయలుదేరింది.

"జాడీ వెళ్తున్నట్టుంది," అంది గుంసోన్.

దల్లే చెంచా గిన్నెలో పెట్టేసింది. "ఎటు వెళ్తున్నారో చూసి రా."

గుంసోన్ గొణుక్కుంటూ లేచి, గోడ పక్క కట్టెల మోపు ఎక్కి చూసింది. చాలాసేపు చూసింది. చప్పుడు దూరమయ్యాక దిగి వచ్చింది.

"ఉత్తరానికి."

"ఉత్తరానికా? సరిగ్గా చూశావా?"

"కళ్ళు పోలేదమ్మాయీ నాకు. ఉత్తర ద్వారమే. ముందర ఆ వంగిన జ్యోతిష్కుడు గాడిద మీద."

దల్లే గిన్నె దగ్గరికి లాక్కుంది. చెంచా తీసుకుంది. గిన్నె ఖాళీ చేసి, అడుగున ఆకు కూడా ఏరుకుని తిని, కుండ దగ్గరికి జరిగి ఇంకో గిన్నె పోసుకుంది.